రోన్ రెడ్ వైన్ సీసాలో మాగుతుంటే లోపల ఏం మారుతుంది? ఎప్పుడు తీయాలి?

చిక్కటి_ఎరుపు

నమస్కారం. ఫ్రాన్స్‌లోని రోన్ లోయ రెడ్ వైన్లు ఏళ్ల తరబడి సీసాలో ఉంటే ఏమవుతుందో తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరా? "ఉంచితే బాగుపడుతుంది" అని అందరూ అంటారు. ఏది బాగుపడుతుంది, ఏది పడదు, ఎంత కాలానికి అంటే మాత్రం జవాబుండదు.

నా దగ్గరున్నవి: 2016 షాటోనఫ్ దు పాప్ ఐదు సీసాలు, 2015 కోర్నాస్ మూడు, 2019 క్రోజ్ ఎర్మిటాజ్ నాలుగు, 2020 కోత్ దు రోన్ ఒక కేసు, కాలిఫోర్నియా పాసో రోబ్లెస్ నుంచి మూర్వెద్ర్ ద్రాక్ష ఎక్కువ పాలున్న రోన్ తరహా వైన్ రెండు.

షాటోనఫ్ కొన్న కొత్తలో చెర్రీ, స్ట్రాబెర్రీ వాసనతో ఘుమఘుమలాడేది. అదే కేసులో ఇంకో సీసా ఈ మధ్య తీస్తే వాసన లేదు, పండు లేదు, గొంతులో ఆల్కహాల్ మంట తప్ప ఏమీ లేదు. అంచున ఇటుక రంగు కూడా తిరిగింది. పాడైందా? దానికన్నా ఏడాది పాతదైన కోర్నాస్ చూస్తే ఇంకా నేరేడు పండు రంగులోనే ఉంది. ఇదెలా?

ఇంకోటి. నేనుండేది డాలస్. కొన్ని సీసాలు హైదరాబాద్‌లో అన్నయ్య ఇంట్లో ఉంచాలని ఆలోచన. అక్కడ ఎలా నిల్వ చేయాలో కూడా చెప్పండి.

పందిరి_ద్రాక్ష

రోన్ మొత్తాన్ని ఒకే గాటన కడితే లెక్క తప్పుతుందండి. ఎగువన, వియెన్ నుంచి వాలెన్స్ దాకా ఉన్న ఉత్తర భాగంలో ఎర్ర ద్రాక్ష అంటే సిరా ఒక్కటే. కోర్నాస్‌లో నిబంధన ప్రకారం నూటికి నూరు శాతం సిరా ఉండాలి. ఎర్మిటాజ్‌లో 15 శాతం దాకా, కోత్ రోతీలో 20 శాతం దాకా తెల్ల ద్రాక్ష కలపొచ్చు గానీ అంత కలిపేవాళ్లు తక్కువ. దిగువన అవిన్యోన్ చుట్టుపక్కల పెత్తనం గ్రెనాష్‌ది. సిరా, మూర్వెద్ర్, సిన్సో లాంటివి దానికి తోడు. మీ షాటోనఫ్‌కి, కోర్నాస్‌కి తేడా అక్కడే మొదలైంది.

గ్రెనాష్ తొక్కలో రంగు తక్కువ. గాలి తగిలితే తట్టుకునే శక్తి కూడా తక్కువే. అందుకే దక్షిణాన చాలామంది దాన్ని చిన్న ఓక్ పీపాల జోలికి పోనీయరు. సిమెంటు తొట్లలోనో, వేల లీటర్లు పట్టే పాత చెక్క పీపాల్లోనో ఉంచుతారు. సిరా దీనికి పూర్తిగా తిరగేసి. రంగు, టానిన్ (వగరునిచ్చే పదార్థం) దండిగా ఉంటాయి, ఆక్సిజన్ ఎంతిచ్చినా పీల్చుకుంటుంది, అందకపోతే గంధకపు వాసనలు పుట్టిస్తుంది. మూర్వెద్ర్ కూడా ఈ కోవలోదే. షాటోనఫ్‌లో గ్రెనాష్‌కి ఈ రెండింటినీ జత చేసేది రుచి కోసమూ, అది తొందరగా వాడిపోకుండా కాపాడటానికీ.

రంగు సంగతి. కొత్త వైన్ ఊదా రంగు ద్రాక్ష తొక్కలోని ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాల నుంచి వస్తుంది. కొన్నేళ్లలో ఇవి విడిగా దాదాపు మిగలవు. టానిన్లతో అతుక్కుని పెద్ద అణువులవుతాయి. కార్క్ గుండా ఏడాదికి మిల్లీగ్రాము స్థాయిలో చేరే ఆక్సిజన్ వల్ల కొద్దిగా ఎసిటాల్డిహైడ్ పుడుతుంది, ఈ అతుకులు వేయడంలో దానికీ పాత్ర ఉంది. ఇలా ఏర్పడిన రంగు మొదటిదానికన్నా స్థిరం, కానీ ఊదా పోయి కెంపు, ఆపైన దానిమ్మ, చివరికి ఇటుక రంగు తేలుతుంది. గ్రెనాష్‌లో మొదటి పెట్టుబడే తక్కువ కాబట్టి ఎనిమిదో ఏటికే అంచున ఇటుక రంగు కనిపించడం మామూలే. అదే రంగు ఎనిమిదేళ్ల కోర్నాస్‌లో కనిపిస్తే మాత్రం నిల్వ మీద అనుమానపడాలి.

టానిన్: పెద్ద అణువులై బరువెక్కి మడ్డిగా దిగిపోతాయి, అందుకే వగరు తగ్గుతుందని పాతకాలం నుంచి చెప్పే మాట. అది సగమే. వైన్‌లోని ఆమ్లం వల్ల ఆ గొలుసులు తెగి, మళ్లీ వేరే రకంగా అతుక్కోవడం కూడా జరుగుతూ ఉంటుంది. ఫలితం మాత్రం నాలుకకి తెలుస్తుంది. చిగుళ్లను పట్టేసే వగరు పోయి మెత్తదనం వస్తుంది.

వాసన విషయానికొస్తే, కొత్త వైన్‌లో తాజా పండ్ల వాసనకు కారణమైన ఎస్టర్లు మొదటి రెండు మూడేళ్లలోనే చాలావరకు విడిపోతాయి. ఆ తర్వాత గ్రెనాష్ ఎండు అంజీర్, ఎండిన నారింజ తొక్క, టీ ఆకు, ఎండు మూలికలు, తోలు వైపు నడుస్తుంది. సిరాలో వయొలెట్ పూల వాసన తగ్గి పొగ, మాంసం, నల్ల ఆలివ్, తడి మట్టి పైకి వస్తాయి. ఇందులో డైమిథైల్ సల్ఫైడ్ పాత్ర పెద్దది. ద్రాక్షలో ఉన్న మూలపదార్థం నుంచి అది సీసాలో ఏటేటా విడుదలవుతుంది. కొంచెం ఉంటే ట్రఫుల్ పుట్టగొడుగు, ఆలివ్ లోతు, మోతాదు మించితే ఉడికిన క్యాబేజీ.

సిరాలోని మిరియాల ఘాటు రొటండోన్ అనే పదార్థం వల్ల. దీన్ని వైన్‌లో గుర్తించింది ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు, 2008లో. ఇది సీసాలో పెద్దగా చెక్కుచెదరదు, ఇరవై ఏళ్ల ఎర్మిటాజ్‌లోనూ మిరియాలు పలకడానికి కారణం ఇదే. ఐదుగురిలో ఒకరి ముక్కుకి ఈ వాసన అసలు అందదు. కాబట్టి పక్కవాడు "మిరియాలు, మిరియాలు" అంటుంటే మీకేం తెలియకపోతే కంగారు పడకండి.

ఇక మారనివి. ఆల్కహాల్ తగ్గదు. పులుపు దాదాపు అలాగే ఉంటుంది, పండు తగ్గేకొద్దీ అది ఎక్కువైనట్టు అనిపిస్తుంది అంతే. సీసాలోకి వెళ్లేనాటికే వెనిగర్ వాసన ఉంటే పదేళ్ల తర్వాతా ఉంటుంది. 15 శాతం దాటిన గ్రెనాష్ కొత్తలోనే మండుతుంటే "ఉంచితే సర్దుకుంటుంది" అనే అమ్మకందారు మాట నమ్మొద్దు. పండు పోయాక ఆ మంట ఇంకా బయటపడుతుంది.

మడ్డి_వడపోత

పైన చెప్పినదంతా సరే. మీ షాటోనఫ్ గురించి నా అంచనా: పాడవలేదు, ముడుచుకుంది. దక్షిణ రోన్ వైన్లలో కోత నాటి నుంచి మూడు నాలుగేళ్లు పండు వికసించి ఉంటుంది. తర్వాత కొన్నేళ్లు వాసన మూసుకుపోతుంది. మళ్లీ తెరుచుకునేసరికి వేరే మనిషిలా ఉంటుంది. 2016 దక్షిణ రోన్‌కి గొప్ప ఏడాది, పండూ పులుపూ టానినూ మూడూ సమంగా కుదిరాయి. అలాంటి ఏళ్లవే ఎక్కువ కాలం మూసుకుంటాయి. ఎందుకు మూసుకుంటుంది అంటే అందరూ ఒప్పుకునే వివరణ లేదు. పండ్ల ఎస్టర్లు పోయి మాగిన వాసనలు ఇంకా పుట్టని మధ్యకాలం అన్నది నాకు సబబుగా తోస్తుంది.

పాడైనదానికీ మూసుకున్నదానికీ తేడా నోట్లో తెలుస్తుంది. మూసుకున్న వైన్ మధ్యలో బరువుగా ఉంటుంది, మింగాక వగరు, రుచి కాసేపు నిలుస్తాయి. వాసన మాత్రం రాదు. చచ్చిపోయిన వైన్ మధ్యలో డొల్లగా ఉండి పులుపుతో ముగుస్తుంది.

ఎంతకాలం అన్నదానికి, 13 డిగ్రీల దగ్గర నిల్వ ఉంటే, కోత ఏడాది నుంచి లెక్క:

కోత్ దు రోన్ మామూలు సీసా రెండు నుంచి ఐదేళ్లు. మీ 2020 కేసు ఇక దాచాల్సిన సరుకు కాదు, తాగేయండి. క్రోజ్ ఎర్మిటాజ్ మూడు నుంచి ఎనిమిది, గట్టి కొండవాలు తోటలవైతే పన్నెండు. సాన్ జొసెఫ్ నాలుగు నుంచి పది. జిగొందాస్ ఆరు నుంచి పదిహేను. షాటోనఫ్ ఎనిమిది నుంచి ఇరవై. కోర్నాస్, కోత్ రోతీ పది నుంచి ఇరవై పైన. ఎర్మిటాజ్ పన్నెండు నుంచి ముప్ఫై, మంచి ఏడాదైతే అంతకు మించి. పాల్ జబులే వారి 1961 ఎర్మిటాజ్ లా షాపెల్‌ని ఇప్పటికీ జనం తలుచుకుంటారంటే ఆ కొండ గొప్పతనం.

ఇవి ఊరి పేరును బట్టి వేసిన లెక్కలు. తయారీదారు, ఏడాది వీటిని అటూ ఇటూ లాగుతాయి. 2002 సెప్టెంబరు వానలు, వరదలకి దక్షిణాన వైన్ పలచబడింది, ఆ ఏటి సీసాలు ఎవరైనా "పాతవి" అని ఊరిస్తే కొనొద్దు. 2003 వడగాడ్పుల ఏడాది, పులుపు తక్కువ, చాలా వైన్లు ముందే వడలిపోయాయి. 2013లో, 2017లో పూత రాలి గ్రెనాష్ దిగుబడి పడిపోయింది. 2013లో చాలాచోట్ల సిరా, మూర్వెద్ర్ పాలు పెరిగింది కాబట్టి ఒకే లేబుల్ అయినా 2016లా మాగదు. మీ 2015 కోర్నాస్ ఉత్తరాన అద్భుతమైన ఏడాదిది, ఎండ ఎక్కువై టానిన్ గట్టిగా ఉంటుంది. ఒకటి ఇప్పుడు చూడొచ్చు, మిగతా రెండూ ఆగగలవు.

పాసో రోబ్లెస్ గురించి. అక్కడ టాబ్లస్ క్రీక్‌ని 1989లో మొదలుపెట్టింది షాటోనఫ్‌లోని బోకాస్టెల్ యజమానులైన పెరాన్ కుటుంబం, అమెరికా దిగుమతిదారు రాబర్ట్ హాస్ కలిసి. తీగల్ని కూడా ఫ్రాన్స్ నుంచి తెప్పించి నాటారు. మూర్వెద్ర్ ప్రధానంగా ఉండే ఆ తరహా వైన్ గ్రెనాష్ కన్నా నిదానంగా మాగుతుంది. మొదటి ఐదారేళ్లు మాంసం, ఇనుము, నల్ల పండ్లు. పదేళ్లకి తోలు, అడవి పుట్టగొడుగులు. మీ సీసా ఏ ఏటిదో చెప్పలేదు. పదేళ్ల లోపుదైతే తొందర లేదు.

సైజు కూడా చూసుకోండి. కార్క్ గుండా వచ్చే గాలి ఇంచుమించు అంతే, లోపల వైన్ రెట్టింపు. అందుకే 1.5 లీటర్ల మాగ్నమ్ నెమ్మదిగా, 375 మి.లీ. చిన్న సీసా త్వరగా మాగుతాయి. చిన్న సీసాకి పైన చెప్పిన గడువుల్లో మూడోవంతు కోసేయండి.

చిక్కటి_ఎరుపు

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ ధన్యవాదాలు. సీసా తీసి సగం తాగి, మిగతా సగం మర్నాడు రుచి చూస్తే ఇంకా ఎన్నాళ్లు నిలుస్తుందో తెలుస్తుందని చదివాను. అది పనిచేస్తుందా? హైదరాబాద్ నిల్వ సంగతి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

నల్లరేగడి

నిల్వ సంగతి నేను చెప్త. హైదరాబాద్‌ల ఏప్రిల్, మే నెలల్ల ఏసీ లేని గది 33, 35 డిగ్రీలు సులువుగ దాటుతది. గా వేడిల వైన్ "తొందరగ మాగుతది" అనుకుంటరు చాలమంది. మాగదు, ఉడుకుతది. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యలు ఇంచుమించు రెండింతల వేగమైతయి అంటరు గానీ అన్ని చర్యలు ఒక్క తీరుగ పెరగవు. పండు వాసన పోవుడు, వైన్‌ను కాపాడే సల్ఫర్ డయాక్సైడ్ ఖర్చయిపోవుడు మంచిగ మాగే చర్యల కన్న ముందుకురుకుతయి. 13 డిగ్రీల కాడ పదేండ్లల్ల వచ్చే రుచి 28 డిగ్రీల కాడ నాలుగేండ్లల్ల రాదు, వేరే రుచి వస్తది. ఎండు ఖర్జూరం, మాడిన జామ్ వాసన అన్నట్టు.

ఇంకోటి, వేడికి వైన్ వ్యాకోచిస్తది. 20 నుంచి 40 డిగ్రీలకు పోతే 750 మి.లీ. సీసాల ఐదారు మి.లీ. పెరుగుతది. కార్క్ కింద ఉండే ఖాళీ కూడ గంతే, ఒక్కోసారి ఇంక తక్కువ. అందుకే కార్క్ పైకి తోసుకొస్తది, పక్కల నుంచి కారుతది. రాత్రి చల్లబడ్డంక బయటి గాలిని లోపలికి గుంజుతది. వైన్‌ను చంపేది ముఖ్యంగ గీ ఎక్కుడు దిగుడే. ఏడాదంత 18 డిగ్రీల కాడ కదలకుండ ఉన్న సీసా, రోజూ 14 నుంచి 26 మధ్య ఊగే సీసా కన్న వెయ్యి రెట్లు నయం.

ఏం చేయాల్నంటే, వైన్ ఫ్రిజ్ కొనున్రి. కంప్రెసర్ ఉన్నదే తీసుకోన్రి. కంప్రెసర్ లేని థర్మోఎలక్ట్రిక్ రకం చప్పుడు చేయదు, అగ్గువ కూడ, గానీ గది వేడి కన్న పది పదిహేను డిగ్రీలు మాత్రమే దించగలదు. గది 36 ఉంటే లోపట 22, 24 కాడ ఆగుతది. 13 డిగ్రీలు పెట్టున్రి, తేమ 60 నుంచి 70 శాతం మధ్య ఉంటే సాలు. వోల్టేజ్ స్టెబిలైజర్ పెట్టున్రి. కరెంటు రెండు మూడు గంటలు పోతే భయం లేదు, తలుపు తెరవకుంటే నిండ సీసాలున్న ఫ్రిజ్ మెల్లగనే వేడెక్కుతది. ఊరికి పోయి నెల రోజులు మెయిన్ స్విచ్ బంద్ చేసుడు మాత్రం చేయకున్రి. అన్నయ్యకు గీ మాట ముందుగాలనే చెప్పున్రి.

మామూలు వంటింటి ఫ్రిజ్‌ల నాలుగైదు నెలలు పెట్టొచ్చు. ఏండ్లకు పనికిరాదు. 4 డిగ్రీల కాడ వైన్ కదలదు, మంచు పట్టని రకం ఫ్రిజ్ గాలి పొడిగ ఉండి కార్క్‌ను ఎండబెడ్తది. సీసా పడుకోబెట్టుడు కూడ గందుకే, కార్క్ తడిగ ఉండాలె. స్క్రూ మూతకు గా అవసరం లేదు.

డాలస్ సంగతి కూడ హైదరాబాద్ లెక్కనే. అక్కడ ఇండ్లకు బేస్‌మెంట్ ఉండుడు అరుదు, గరాజ్‌ల ఎండకాలం 40 దాటుతది. న్యూజెర్సీలనో చికాగోలనో చుట్టాలు ఉండి బేస్‌మెంట్ ఉంటే అదే హైదరాబాద్ కన్న మేలు. లేకుంటే డాలస్‌లనే అద్దెకిచ్చే వైన్ లాకర్ చూసుకోన్రి. ఎండకాలంల ఆన్‌లైన్ ఆర్డర్ పెట్టి లారీల తెప్పించుకోకున్రి, అక్టోబరు దాక ఆపి పంపమంటే చాల దుకాణాలు ఒప్పుకుంటయి.

ఇండియాకు తెచ్చుకునుడంటే మనిషికి 2 లీటర్ల దాకనే సుంకం లేదు, అంటే 750 మి.లీ.వి రెండు సీసాలు. చెకిన్ సామాన్ల పెట్టాలె. మధ్యల ఎక్కడ ఆగినా ఎండల రన్‌వే మీద సామాను కాసేపు ఉంటది. పాత కోర్నాస్‌ను గిట్ల తిప్పుడు నాకైతే నచ్చదు. తెచ్చినంక మడ్డి దిగేదాక మూడు నాలుగు వారాలు పడుకోబెట్టి తర్వాతనే తీయున్రి.

పందిరి_ద్రాక్ష

మర్నాటి పరీక్ష గురించి. సిరాకి కొంతవరకు పనికొస్తుంది. సగం తాగి మూత పెట్టి 18 డిగ్రీల దగ్గర ఉంచి, 24 గంటలకి రుచి చూడండి. మెరుగైతే ఇంకా కొన్నేళ్లు ఓపిక ఉంది. అలాగే ఉంటే ఇప్పుడే మంచి సమయం. వాడిపోతే మిగతా సీసాలు ఆపొద్దు. గ్రెనాష్‌కి ఈ పరీక్ష నమ్మలేం. ఇరవై ఏళ్లు బతకగల షాటోనఫ్ కూడా తెరిచిన మర్నాటికి నీరసపడొచ్చు, ఎందుకంటే ఒక్కసారిగా వచ్చిపడే గాలికీ కార్క్ గుండా సన్నగా చేరే గాలికీ పోలికే లేదు. షాటోనఫ్‌లోని రేయాస్ లాంటి పూర్తి గ్రెనాష్ వైన్ రంగు చూసి, మర్నాటి రుచి చూసి తీర్పు చెబితే తప్పులో కాలేసినట్టే.

మడ్డి_వడపోత

గ్రెనాష్‌కీ కొంత పనికొస్తుందంటాను. 24 గంటలు కాకుండా నాలుగైదు గంటలకి చూడండి. ముడుచుకున్నదైతే ఆ మాత్రానికే కాస్త విచ్చుకుంటుంది.

పందిరి_ద్రాక్ష

అది ఇప్పుడు తాగొచ్చా లేదా అని చెబుతుంది. ఎన్నేళ్లు నిలుస్తుందో చెప్పదు. ప్రశ్న రెండోది కదండీ.

బిరడా_కత్తి

తీసే పద్ధతి మీద ఎవరూ రాయలేదు. పాత సీసా సగం సార్లు ఆ పది నిమిషాల్లోనే పాడవుతుంది.

తీయడానికి ముందు సీసా మెడలో వైన్ ఎంతుందో చూడండి. రోన్ సీసాకి బోర్డో సీసాలా భుజాలుండవు, జారుడుగా ఉంటుంది, కాబట్టి కార్క్ అడుగు నుంచి సెంటీమీటర్లలో కొలవాలి. పదిహేనేళ్ల సీసాలో రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ మామూలే. ఐదు దాటితే గాలి బాగా వెళ్లినట్టు లెక్క. సీసా మూతిని కప్పే రేకు కింద జిగట మరక, కార్క్ పైకి ఉబ్బి ఉండటం, ఇవి వేడి గుర్తులు. రేకు వేలితో తిరిగితే సీసా మంచిదని కొందరంటారు, దాన్ని పట్టించుకోవద్దు. కొన్ని రేకులు కొత్తలోనే బిగుసుకుని ఉంటాయి.

కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు నిలబెట్టండి. మడ్డి అడుగుకి చేరాలి. సిరా మడ్డి సన్నని పొడిలా ఉంటుంది, కదిపితే మళ్లీ దిగడానికి గంటలు పడుతుంది. ఇరవై ఏళ్లు దాటిన కార్క్‌కి మామూలు స్క్రూ దింపితే మధ్యలో పొడైపోతుంది. రెండు రేకుల ఓపెనర్ ఒక్కటే వాడినా కార్క్ వదులుగా ఉంటే లోపలికి నెట్టేస్తుంది. స్క్రూతో పట్టి ఉంచి రేకులు పక్కల నుంచి దింపే జంట పనిముట్టు ఈ పనికి ఉత్తమం.

వంచేటప్పుడు మెడ కింద ఫోన్ టార్చ్ పెట్టి, ఒకే ధారగా, మధ్యలో ఆపకుండా పోయాలి. భుజాలున్న సీసాలో మడ్డి ఆ మలుపు దగ్గర ఆగుతుంది. రోన్ సీసాలో ఆగదు, నేరుగా మెడలోకి జారుతుంది. అందుకే ఇంకా ముందే ఆపాలి, చివరి 40, 50 మి.లీ. వదిలేయండి. ఆశపడి వడకట్టాలంటే సబ్బు వాసన లేని పల్చటి నూలు గుడ్డ చాలు. కాఫీ ఫిల్టర్ కాగితం వైన్‌కి కాగితం రుచి అంటిస్తుంది.

గాలి ఎంతసేపు? కొత్త కోర్నాస్, కొత్త క్రోజ్ రెండు మూడు గంటలు డికాంటర్‌లో (గాలి తగలడానికి వైన్ ఒంపి ఉంచే గాజు పాత్ర) ఉండొచ్చు. పదిహేనేళ్లు దాటిన గ్రెనాష్‌ని మడ్డి తీసిన వెంటనే గ్లాసుల్లో పోయండి. మూసుకుపోయిన మీ 2016కి మూడు నాలుగు గంటలు. వేడి 16, 17 డిగ్రీలు. "గది వేడి" అని రాసి ఉంటే అది ఫ్రాన్స్‌లో పాత రాతి ఇళ్ల గది. మన 27 డిగ్రీల హాల్లో 15 శాతం గ్రెనాష్ పోస్తే ఆల్కహాలే ముక్కుకెక్కుతుంది. ఆ మంటలో సగం అక్కడిదే అయ్యుండొచ్చు, సీసాని ఫ్రిజ్‌లో ఇరవై నిమిషాలు పెట్టి మళ్లీ చూడండి.

లోపాల్లో ఒకదాన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. సిరా తీయగానే కుళ్లిన గుడ్డు, కాలిన రబ్బరు వాసన వస్తే శుభ్రంగా తోమిన రాగి తీగ ముక్కని గ్లాసులో పది సెకన్లు తిప్పి తీసేయండి. హైడ్రోజన్ సల్ఫైడ్, మెర్కాప్టాన్లు రాగికి అంటుకుని వాసన తగ్గుతుంది. తగ్గిందంటే గాలి అందక వచ్చిన వాసన, మిగతా సీసాని గట్టిగా డికాంట్ చేస్తే చాలు. తగ్గకపోతే డైసల్ఫైడ్లో, ఇంతకుముందు చెప్పిన డైమిథైల్ సల్ఫైడో కావచ్చు, వాటి మీద రాగి పనిచేయదు. రాగి చెంబులో పోసి ఉంచితే ఇంకా మంచిదేమో అనుకోవద్దు, వైన్ పులుపు రాగిని కరిగిస్తుంది. పరీక్షకి వాడిన ఆ గ్లాసు పారబోసేయండి. ఈ గంధకపు వాసనలు స్క్రూ మూత సిరాల్లో, అందులోనూ మూత లోపల తగరపు పొర ఉన్నవాటిలో ఎక్కువ, ఆ పొర గాలిని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది.

తడిసిన అట్టపెట్టె, బూజు వాసన వస్తే అది కార్క్ నుంచి వచ్చే ట్రైక్లోరోఅనిసోల్. లీటరుకి నానోగ్రాముల్లో ఉన్నా ముక్కుకి తెలుస్తుంది, గాలికి పోదు, గ్లాసులో సేపు గడిచేకొద్దీ ఇంకా పైకొస్తుంది. మరీ స్వల్పంగా ఉంటే బూజు తెలియదు, పండు మాత్రం మాయమవుతుంది. అందుకే "మూసుకుంది" అని తీర్పు చెప్పే ముందు అదే కేసులో ఇంకో సీసా తీసి పక్కపక్కన చూడాలి. ఒక్క సీసాతో ఎవరూ ఖాయంగా చెప్పలేరు, మడ్డి_వడపోత గారితో సహా.

చిక్కటి_ఎరుపు

పాత దక్షిణ రోన్‌లో తోలు, గుర్రపుశాల వాసన గొప్ప లక్షణం అని కొందరు, లోపం అని కొందరు అంటారు. ఏది నిజం? ఇవన్నీ విన్నాక వేటిని ఏ వరుసలో తీయాలి?

మడ్డి_వడపోత

బిరడా_కత్తి గారి మాట ఒప్పుకుంటాను, రెండో సీసా చూడకుండా నాదీ అంచనాయే.

గుర్రపుశాల వాసన చాలాసార్లు బ్రెటానోమైసిస్ అనే ఈస్ట్ పని. పాత తరం షాటోనఫ్‌లలో మామూలుగా ఉండేది, బోకాస్టెల్ పాత సీసాల మీద ఈ వాదన దశాబ్దాలుగా నడుస్తోంది. తోలు వాసనంతా దానిదే కాదు, మాగిన గ్రెనాష్, మూర్వెద్ర్‌లకి సహజంగానే వస్తుంది. తేడా చూడాలంటే: సహజమైనదైతే తోలు వెనక ఎండు పండు తీపి ఉంటుంది. ఈస్ట్ వాసనైతే గాయానికి వేసే పట్టీ, చెమట వాసన ముందుకొచ్చి, పండు చప్పబడి, చివర్లో లోహపు చేదు మిగులుతుంది. వడపోయని వైన్‌లో కాస్త చక్కెర మిగిలి, సల్ఫర్ డయాక్సైడ్ తక్కువగా ఉండి, నిల్వ వెచ్చగా ఉంటే ఆ ఈస్ట్ సీసాలోనే పెరుగుతుంది. ఒకే కేసులో ఒక సీసా బాగుండి ఇంకోటి కంపు కొట్టేది ఇందువల్ల. 13 డిగ్రీల్లో దాని ఆట పెద్దగా సాగదు. కొద్దిగా ఉంటే నాకు ఇష్టమే, అది నా రుచి, మీకు నచ్చకపోతే లోపమనే అనుకోండి.

వరుస: 2020 కోత్ దు రోన్ ఈ ఏడాది, వచ్చే ఏడాదిలో పూర్తి చేయండి. మన కారం కూరలకి సరిపోయేది కూడా అదే, కాస్త చల్లగా 14, 15 డిగ్రీల దగ్గర. కారం మీద ఆల్కహాల్ పడితే మంట పెరుగుతుంది, సన్నటి వాసనలు కనబడవు, కాబట్టి గోంగూర మటన్ చేసిన రోజు పాత కోర్నాస్ తీయకండి. దానికి ఉప్పు, మిరియాలతో కాల్చిన మాంసం చాలు.

2019 క్రోజ్ ఒకటి ఇప్పుడు తీయండి. పండు ముందుంటే మిగతా మూడింటినీ రెండేళ్లలో, ఆలివ్, పొగ ముందుకొచ్చి ఉంటే ఏడాదిలో ముగించండి. కోర్నాస్ ఒకటి ఇప్పుడు, మూడు గంటలు డికాంట్ చేసి. వగరు ఇంకా చిగుళ్లు పట్టేస్తుంటే మిగతావి నాలుగేళ్లు ముట్టుకోవద్దు.

షాటోనఫ్ ఐదింటిలో ఒకటి ఈ చలికాలంలోనే, బిరడా_కత్తి గారు చెప్పినట్టు 16 డిగ్రీల్లో, డికాంట్ చేసి చూడండి. అదీ మూగగానే ఉండి నోట్లో బరువుంటే మిగతా నాలుగూ రెండు మూడేళ్లు పక్కన పెట్టండి. అది బాగుంటే మొన్నటి సీసాలో కార్క్ దోషం ఉందనుకోవచ్చు. రెండూ డొల్లగా ఉంటే నిల్వ దెబ్బతింది, మిగిలినవి ఆలస్యం చేయకుండా తాగేయాలి. హైదరాబాద్‌కి ఏదైనా పంపాలనుకుంటే క్రోజ్ పంపండి, అదీ ఫ్రిజ్ కొన్నాకే. పాసో రోబ్లెస్ సీసాల మీద ఏడాది, మూత రకం ఏమిటో చూసి ఇక్కడ రాయండి, వాటి సంగతి అప్పుడు చెబుతాను.